స్పంజిలో అద్దెకున్నవాళ్ళు

పద్నాలుగో భాగం

పోయినవారం నాజియాను ల్యాబులో, చెత్తబుట్ట పక్కన, మూత తీసిన ప్లేటు చేతిలో పట్టుకుని ఉండగా వదిలిపెట్టి వచ్చాం. ఆమె అక్కడిదాకా ఎలా వచ్చిందో మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు మాటలు.

పుత్తూరు దర్జీ జియావుల్లా కూతురు నాజియా తిరుపతి యూనివర్సిటీలో సూక్ష్మజీవుల మీద పరిశోధన చేస్తోంది. సూళ్లూరుపేట అవతలి సముద్రంలో వెంకటముని అనే జాలరి వలకు తగులుకుని వచ్చిన స్పంజి అనే పసుప్పచ్చ సముద్రజీవి ఒకటి ఆమె చేతికి దొరికింది. దాని రసం ఏ మందుకూ లొంగని పుండ్ల బాక్టీరియాను చంపేసింది. ల్యాబంతా పండగ చేసుకుంది. తర్వాత అదే చోటి నుంచి అదే రకం స్పంజి తెప్పించి రసం తీస్తే అది మంచినీళ్ళలా ఊరుకుంది. కమిటీ ముందు కెమిస్ట్రీ ప్రొఫెసర్ ధనశేఖర్ అందరూ వినేలా, "ఒకసారి పలికి ఇంకోసారి పలక్కపోతే దాన్ని సైన్సు అనరమ్మా, లాటరీ అంటారు" అన్నాడు. అంశం మార్చుకొమ్మని కమిటీ తేల్చేసింది. నాజియా మార్చుకోనంది, మానేస్తానంది. తన బల్ల ఖాళీ చేస్తూ, పాత ప్లేట్లు పారేసేముందు ఒకదాని మూత తీసింది. చూసి, "లోహితా!" అని కేక పెట్టింది.

ఆ కేకకు లోహిత చేతిలోని గాజుగొట్టం జారి సింకులో పడింది. లోహిత కూడా అక్కడే పరిశోధన చేస్తోంది, నాజియా కంటే చిన్నది. రోజూ వడమాలపేట నుంచి బస్సులో వస్తుంది.

"ఏమైందక్కా? చెయ్యి కోసుకున్నావా?"

"కోసుకోలేదు. ఈడికి రా. సూడు."

మొదటి స్పంజి వచ్చిన రోజే నాజియా దాన్ని పిండిన నీళ్ళు కొన్ని ప్లేట్ల మీద పూసింది. జున్నులా గట్టిపడే అగార్‌ను సముద్రపు నీళ్ళతో కలిపి పోసిన ప్లేట్లు అవి. వారం రోజులు చూసినా మామూలు తెల్లటి బాక్టీరియా తప్ప ఏదీ రాలేదు. వాటి అంచులకు టేపు చుట్టి అలమారు పైన పెట్టి, వాటి సంగతే మరిచిపోయింది. ఇప్పుడు ఆ తెల్లటి పొర మధ్యలో, ఎవరో చిటికెడు కాషాయం రంగు పిండి చల్లినట్టు, ఆవగింజలంత చుక్కలు లేచి ఉన్నాయి. ఒక్కొక్క చుక్క చుట్టూ అద్దంలా ఖాళీ వలయం. ఆ వలయం దాటి లోపలికి తెల్లటి బాక్టీరియా ఒక్కటి కూడా రాలేదు.

లోహిత ముక్కు ఎగబీల్చింది.

"అక్కా, మట్టి వాసన వస్తాండాదే! తొలివాన పడినప్పుడు వచ్చే వాసన. సముద్రంలో నుంచి వచ్చినదానికి మట్టి వాసన యాడిది?"

ఆ వాసన నాజియాకు తెలుసు. మట్టిలో బతికే ఒక జాతి బాక్టీరియాకు ఆ వాసన ఉంటుంది. మనం మింగే మందుల్లో ఎన్నో ఆ జాతి ఇచ్చినవే. వాటి దాయాదులు సముద్రంలోనూ ఉంటాయని ఆమె చదివింది. అవి చాలా నెమ్మదిగా పెరుగుతాయి. వారానికే చూసి పక్కన పెట్టేసేవాళ్ళకు కనిపించవు.

ఆమె స్టూలు మీద కూర్చుండిపోయింది.

"మనం తప్పు మనిషిని పట్టుకోనుండాం లోహితా. మందు చేసేది స్పంజి కాదు. స్పంజిలో అద్దెకున్నోళ్ళు."

"అంటే?"

"స్పంజి ఒళ్ళంతా చిల్లులే గదా. ఆ చిల్లుల్లో కోట్లకొద్దీ సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. స్పంజికి కాళ్ళు లేవు, పండ్లు లేవు. శత్రువు వస్తే పారిపోలేదు, కరవలేదు. లోపలున్న ఈళ్ళే మందు చేసి దాన్ని కాస్తా ఉండారనుకుంటా. రెండోసారి మనం తెప్పించింది అదే ఇల్లు. కానీ లోపల ఈళ్ళు లేరు. ఖాళీ చేసి పోయినట్టుండారు."

"అనుకుంటాండావా, తెలుసా?"

"అనుకుంటాండా," అని నాజియా నవ్వింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు అది. "తెలుసుకుందాం పట్టు."

బల్ల మీద నుంచి అట్టపెట్టెలోకి సర్దినవన్నీ ఇద్దరూ మళ్ళీ బయటికి తీశారు.

నాజియా గైడు పంకజాక్షి మేడం తొందరపడే మనిషి కాదు. ప్లేటు చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసి, "సంతోషంగా ఉండాది. అయితే ఇది సంతోషమే, ఇంకా రుజువు కాలేదు" అంది. ఆ ఒక్క చుక్కను వేరుచేసి, ఇంకేదీ కలవకుండా పెంచమంది. స్పంజి ముక్క ఒక్కటీ లేకుండా, సముద్రం మొహం చూడకుండా, గాజుకుప్పెలో అది మందు చేస్తే అప్పుడు మాట్లాడుకుందామంది.

కుప్పెలు ఊగే యంత్రం మీద పగలూ రాత్రీ ఊగాయి. మొదట నీళ్ళు తేటగానే ఉన్నాయి. తర్వాత అడుగున కాషాయం పూసల్లాంటివి దొర్లడం మొదలైంది. పైన ద్రవం పలచటి టీ రంగుకు తిరిగింది. ఆ ద్రవాన్ని వడగట్టి, ఆసుపత్రి నుంచి తెచ్చుకున్న పుండ్ల బాక్టీరియా మీద నాజియా తన చేత్తోనే వేసింది.

ఆ బాక్టీరియాకూ ఆమెకూ పాత పగ ఉంది. మూడేళ్ళ కిందట జియావుల్లా కుడిచేతికి కుట్టుమిషన్ సూది దిగింది. చిన్న గాయమే. కానీ పట్టుకున్నది ఇలాంటి జాతే. ఇచ్చిన మందు ఇచ్చినట్టు ఓడిపోయింది. చివరికి రెండు వేళ్ళు తీసేస్తే గాని మనిషి దక్కలేదు. ఆయన మిగిలిన మూడు వేళ్ళతో కత్తెర పట్టడం మళ్ళీ నేర్చుకుని, ఇప్పుడు పుత్తూరులో పెళ్ళి షేర్వాణీ అంటే తనే కుట్టాలనిపించుకున్నాడు. కూతురు మాత్రం ఆ బాక్టీరియాను వదలలేదు.

మర్నాడు ప్లేటులో దాని మధ్య పెద్ద ఖాళీ వలయం, పావలా బిళ్ళంత.

లోహిత ల్యాబులోనే గెంతింది. పంకజాక్షి మేడం గెంతలేదు గానీ, చీర కొంగు నడుముకు దోపుకుని, "పోయి ధనశేఖర్ సార్‌ని పిలుచుకుని రా" అంది.

"ఆయన్నా? ఎందుకు మేడం? మల్లా లాటరీ అంటాడు."

"అందుకే ఆయన్ని పిలవమంటాండా. మనల్ని మెచ్చుకునేవాళ్ళు మెచ్చుకుంటే ఏమొస్తాది?"

ధనశేఖర్‌ది చిత్తూరు. ఆరడుగుల మనిషి, గొంతు అంతకంటే పెద్దది. ఆయన వరండాలో వస్తున్నాడంటే పరిశోధక విద్యార్థులు స్తంభాల చాటుకు తప్పుకునేవాళ్ళు. నాజియా తలుపు దగ్గర నిలబడగానే ఆయన తలెత్తాడు.

"ఏమ్మా, మానేస్తానంటివే?"

"మానేసేదానికే పోయినాను సార్. అది మాననీలేదు."

"ఏది?"

నాజియా ప్లేటు ముందు పెట్టింది. ఆయన వెలుతురుకు ఎత్తి చూశాడు. అడగాల్సినవన్నీ అడిగాడు. ప్లేట్లో వేరే మందేదైనా పడిందా? బాక్టీరియా పెంచని ఒట్టి ద్రవం వేసి చూశావా? ఎవరు పోశారు? ఎవరు చూశారు? ఆమె అన్నిటికీ చెప్పింది. ఆయన మొహంలో ఏమీ కదల్లేదు.

"సరే. నీ కుప్పె నాకియ్యి. ఒట్టి ద్రవం గూడా ఇయ్యి. రేపు సీసాలు నేను తెస్తా. దేంట్లో ఏముండాదో నాకు తప్ప ఎవురికీ తెలీదు. కాగితమ్మీద గూడా రాయను, తలలో పెట్టుకుంటా. నువ్వు ప్లేటులో వేసి, ఏది చంపిందో ఏది చంపలేదో చెప్పు. తప్పు చెప్తే ఈ స్పంజి మాట ఇంక నా ముందర ఎత్తొద్దు. సమ్మతమా?"

"సమ్మతమే సార్."

మర్నాడు ఆయన ఆరు చిన్న సీసాలు తెచ్చాడు. అన్నిటిలోనూ అదే టీ రంగు. ఒట్టి ద్రవానికి కూడా రంగు కలిపాడన్నమాట. నాజియా ప్లేటు అగార్‌లో ఆరు గుంతలు చేసి, ఒక్కొక్క గుంతలో ఒక్కొక్క చుక్క పోసింది. ఆయన పక్కనే చేతులు కట్టుకుని నిలబడి చూశాడు. ప్లేటు ఇంక్యుబేటర్‌లో పెట్టి, తాళంచెవి జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి ఉదయం పది గంటలకు ల్యాబు నిండిపోయింది. పక్క డిపార్ట్‌మెంట్ల నుంచి కూడా వచ్చారు. కబురు ఎలా పాకిందో లోహితకే తెలియాలి. ధనశేఖర్ తాళం తీసి, ప్లేటు తను చూడకుండానే నాజియా చేతికిచ్చాడు.

"చెప్పు."

నాజియా కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"ఒకటి, ఏమీ లేదు. రెండు, చంపింది. మూడు, లేదు. నాలుగు, లేదు. ఐదు, చంపింది. ఆరు, లేదు."

"ఐదా?"

"ఐదు సార్."

ధనశేఖర్ కనుబొమలు ముడిపడ్డాయి. "రెండు సరే. ఐదులో రాకూడదే. మల్లా సూడు."

ఆమె మళ్ళీ చూసింది. "వచ్చింది సార్. రెండంత పెద్దది కాదు గానీ వచ్చింది."

"అమ్మా, నేను పోసినోణ్ణి చెప్తాండా. ఐదులో వచ్చేదానికి లేదు. ఇప్పుడన్నా మార్చుకో. పొరపాటైందను. అందరూ చేస్తారు పొరపాటు. నీ రెండో సీసా నిలబడతాది, నీ పని నిలబడతాది. ఐదు అని పట్టుకూర్చుంటే మొత్తం పోతాది."

లోహిత నాజియా మోచెయ్యి గిల్లింది. ఒక్క మాట, 'పొరపాటైంది సార్' అంటే చాలు. నాజియా పంకజాక్షి మేడం వైపు చూసింది. మేడం మొహంలో ఏ సైగా లేదు. నువ్వే తేల్చుకో అన్నట్టు నిలబడి ఉంది. నాజియా ప్లేటు వైపు చూసింది. ఐదో గుంత చుట్టూ వలయం అలాగే ఉంది. దానికి ఎవరి భయమూ లేదు.

"మార్చుకోను సార్," అంది. "ఈడ ఉండేదే చెప్తా. మీరు ఏం పోసినారో నాకు తెలీదు. ఐదు చంపింది."

ధనశేఖర్ పెద్ద పెద్ద అంగలేసుకుంటూ వచ్చి ప్లేటు లాక్కున్నాడు. జేబులోంచి చిన్న టార్చి తీసి, కింది నుంచి వెలుగు వేసి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత కళ్ళద్దాలు తీసేశాడు.

"రెండో సీసాలో పోసింది నీ కుప్పెలోదే," అన్నాడు నెమ్మదిగా. "ఐదో దాంట్లోదీ నీదే. కాకపోతే దాన్ని అరగంట సేపు ఉడకబెట్టినాను. అన్నం ఉడికినట్టు తెర్లింది. చచ్చిపోయుంటాదనుకున్నా. సీసా వాసన బట్టి నీదని ఊహించి చెప్తాండావో, నిజంగా ప్లేటు సూసి చెప్తాండావో తెలుసుకుందామని ఆ సీసా పెట్టినా. నేను బెదిరిస్తే మార్చుకుంటావేమోనని రొంత బెదిరించినా గూడా."

"అంటే..." అంది లోహిత.

"అంటేనా? ఉడకబెట్టినా చావలేదంటే అది గుడ్డులోని తెల్లసొనలాంటి పెద్ద సరుకు కాదు. గట్టిది, చిన్నది. పట్టుకోవచ్చు, విడదీయొచ్చు, దాని ఆకారం గీయొచ్చు. ఇది కెమిస్ట్రీ తల్లీ! ఇది నాది!"

"మీది కాదు సార్, మా పాపది," అంది పంకజాక్షి మేడం.

అంతే, ల్యాబంతా ఒక్కసారిగా నవ్వింది. ఆ నవ్వులో ధనశేఖర్ గొంతే పైన వినిపించింది. అంతకుముందు ఆయన నవ్వగా ఆ డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ వినలేదు. "లాటరీ అన్న మాట కమిటీలోనే, ఆ కుర్చీలోనే కూర్చుని వాపసు తీసుకుంటా" అన్నాడు. క్యాంటీన్‌కు మనిషిని పంపి, ఉన్న వడలన్నీ తెమ్మన్నాడు. ప్లేటున్న గదిలో తినకూడదని పంకజాక్షి మేడం అందరినీ వరండాలోకి తరిమింది. స్తంభాల చాటుకు తప్పుకునే పిల్లలే ఆ రోజు ఆయన పక్కన నిలబడి వడలు తిన్నారు. లోహిత వడ చేత్తో పట్టుకుని, చూడనివాళ్ళందరికీ ఐదో సీసా కథ మొదటి నుంచి చెప్పింది. చెప్పిన ప్రతిసారీ ధనశేఖర్ గొంతు ఇంకాస్త పెద్దదైంది.

మధ్యాహ్నం బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. వడమాలపేటలో దిగుతూ లోహిత, "అక్కా, దీనికి పేరు పెట్టేటప్పుడు నా పేరు గూడా యాడైనా ఒక మూల ఇరికించు" అని కిటికీలోంచి అరిచింది. బస్సంతా తిరిగి చూసింది. నాజియా సిగ్గుపడుతూనే చెయ్యూపింది.

పుత్తూరులో ఇంటి ముందు గదే దర్జీ దుకాణం. జియావుల్లా నీలం గుడ్డ మీద సుద్దతో గీతలు గీస్తున్నాడు. లోపలి గడప మీద దాదీ, అంటే నాజియా నాన్నమ్మ, మెహరాజ్ బేగం గుండీలు కుడుతోంది. కూతురి మొహం చూడగానే జియావుల్లాకు సగం అర్థమైంది.

"పనైందా బేటీ?"

"ఐంది అబ్బా!" అంది నాజియా తండ్రితో.

ఆమె చెప్పింది. స్పంజి ఇల్లు, అద్దెకున్నవాళ్ళు, ఐదో సీసా, వడలు, అన్నీ ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చాయి. జియావుల్లా సుద్ద పక్కన పెట్టి, మూడు వేళ్ళ చెయ్యి కూతురి తల మీద పెట్టాడు.

"అయితే ఇంక నా మాదిరి ఎవురూ వేళ్ళు పోగొట్టుకోనక్కర్లేదా?"

నాజియాకు అబద్ధం చెప్పాలనిపించలేదు. "అప్పుడే అట్ల చెప్పలేము అబ్బా. ఇప్పుడు ఇది ప్లేటులో మాత్రమే చంపింది. మనిషికి విషమో కాదో తెలీదు. ఎలుకల మీద సూడాల, మనుషుల మీద సూడాల. పదేండ్లు పట్టొచ్చు. అసలు మందు కాకనే పోవచ్చు గూడా."

"పదేండ్లా!" అంది మెహరాజ్ బేగం దారం కొరుకుతూ. "సరే, ఏం చేస్తాం. అప్పటిదాకా బతకాల్సిందే నేను."

ముగ్గురూ నవ్వారు. దాదీ లేచి లోపలికి వెళ్ళి సేమియా పాయసానికి పాలు పొయ్యి మీద పెట్టింది. నాజియాకు ఇంకొకరికి చెప్పాలని గుర్తొచ్చింది. ఆ మొదటి స్పంజిని సముద్రంలోకి తిరిగి విసిరేయకుండా బకెట్లో పెట్టి ఉంచిన మనిషి. వెంకటమునికి ఫోన్ కలిపి, అందరూ వినేలా స్పీకర్ పెట్టింది.

"మునీ అన్నా! నేను, నాజియా. గెలిచినాం!"

"శానా సంతోషం పాపా!" అవతల గాలి, అలల చప్పుడు.

"ఇంకో మంచి మాట. ఇంకమీదట నాకోసం స్పంజిలు పీకే పన్లేదు. ఒక్కటి గూడా వద్దు. అవి హాయిగా ఆడనే ఉండనీ. మాకు కావాల్సింది ఇప్పుడు కుప్పెలో పెరగతాండాది."

అవతల వెంకటముని గొంతు తగ్గించాడు.

"మరి నువ్వు పంపిన ఆయన బుట్టెడు తీసినాడే?"

"నేను పంపినానా? ఎవుర్ని?"

"నీ పేరు చెప్పినాడు పాపా. ఈపుకు గాలి సిలిండరు కట్టుకోని పొద్దున నా పడవలోనే వచ్చినాడు. నీళ్ళల్లోకి దూకినాడంటే చేప మాదిరి! ఈడనే ఉండాడు, ఇస్తా ఉండు."

ఫోన్ చేతులు మారిన చప్పుడు. తర్వాత ఒక మగ గొంతు, కొంచెం బెదురుతూ.

"నాజియా... పెట్టెయ్యొద్దు. నేను, సమీర్."

సుద్ద అందుకోబోయిన జియావుల్లా చెయ్యి ఆగిపోయింది. సమీర్ ఆయన చెల్లెలి కొడుకు, మెహరాజ్ బేగానికి కూతురి కొడుకు; ఆమెను నానీ అంటాడు. నాలుగేళ్ళ కిందట నాజియాతో నిఖా మాటలు పూర్తయ్యాక, ఓడ మీద ఉద్యోగమని వెళ్ళి, మళ్ళీ ఒక్క కబురు పంపనివాడు. ఈ ఇంట్లో ఆ పేరు ఎత్తి చాలా కాలమైంది.

"నీకు స్పంజిల సంగతి ఎవురు చెప్పినారు?" అంది నాజియా.

"నానీ."

తండ్రీ కూతుళ్ళిద్దరూ వంటింటి వైపు తిరిగారు. మెహరాజ్ బేగం గరిటె చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. మొహంలో తప్పు చేసిన ఛాయ ఇసుమంతైనా లేదు.

"అట్ల సూడొద్దండి," అంది. "రంజాన్‌కు వాడే ఫోన్ చేసినాడు. పిల్ల స్పంజి పలకలేదని ఏడుస్తా ఉంటే, ఓడల అడుగున మునిగి పనిచేసేవాడివి, నాలుగు తెచ్చియ్యరాదా అన్నా. తప్పా?"

నాజియాకు కోపం రావాలి. రాలేదు. అవసరం తీరిపోయిన రోజే బుట్టెడు స్పంజిలు పట్టుకుని ఒడ్డున నిలబడ్డ మనిషి కళ్ళ ముందు మెదిలి, పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. దాన్ని పంటికింద నొక్కిపెట్టింది.

"వాటిని మల్లా నీళ్ళల్లోకి తీసుకుపోయి, అవి ఉన్నచోటనే పెట్టు," అంది. "ఒక్కటి చచ్చినా ఊరుకోను. అది ఐనాక..." తండ్రి వైపు చూసింది. జియావుల్లా నీలం గుడ్డను మడిచి పక్కన పెట్టి తల ఊపాడు. "అది ఐనాక ఇంటికి రా. దాదీ పాయసం చేస్తాండాది."

అవతల సమీర్ గట్టిగా ఊపిరి వదిలాడు.

"వస్తా. రాత్రికి పుత్తూరులో ఉంటా. కానీ నాజియా, ముందే చెప్పాల నీకు. నానీకి గూడా చెప్పలేదు." అలల మధ్య అతని గొంతు ఒక్క క్షణం మునిగి మళ్ళీ తేలింది. "నేను ఒక్కణ్ణే రాలేదు. నాతో ఒక పాప ఉండాది. మూడేండ్లది. నన్ను అబ్బా అని పిలుస్తాది."

గుమ్మంలో మెహరాజ్ బేగం చేతిలోంచి గరిటె జారింది. వెనక పొయ్యి మీద పాలు పొంగాయి.